తీగలు లేని గిటారు

1998లో అమెరికాలో ఒక చిన్న కంపెనీ ‘ది యాక్స్’ అనే సాఫ్ట్‌వేర్ అమ్మకానికి పెట్టింది. సంగీతం ఓనమాలు రానివాళ్లు కూడా కంప్యూటరు ముందు కూర్చుని, జాయ్‌స్టిక్ అటూ ఇటూ తిప్పుతూ, వెనక వాయిద్యాలు మోగుతుంటే తమకు తోచిన స్వరాలు అల్లుకోవచ్చు. ఎటు తిప్పినా అపస్వరం పడకుండా ప్రోగ్రామే కాచుకుంటుంది. ఇంతకంటే ఏం కావాలి? కానీ అమ్ముడైనవి సుమారు 300 ప్రతులు.

ఆ కంపెనీ పేరు హార్మోనిక్స్. పెట్టినవాళ్లు అలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ. ఇద్దరూ ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కలిసి పనిచేశారు. ఎగోజీ క్లారినెట్ కచేరీలు చేసే మనిషి. వాయించడంలో ఉన్న సుఖం తనకు తెలుసు కాబట్టి, ఏళ్ల సాధన లేకుండానే ఆ సుఖాన్ని అందరికీ పంచాలని 1995లో కంపెనీ తెరిచారు. వాళ్ల మొదటి ఊహ ఉదారమైనదే: జనానికి స్వేచ్ఛ ఇద్దాం, వాళ్లే సంగీతం పుట్టించుకుంటారు. జనం పావుగంట తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

ఎందుకు పెట్టేశారో చెప్పడానికి ఎంఐటీ దాకా పోనక్కర్లేదు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో చాపాడు ఉంది. కె.సి. కాలువ నీళ్లకు వరి పండే పల్లెలు చుట్టూ. ఈ సీమ పల్లెల్లో రాములవారి గుడి ముందు చెక్కభజన నేర్చుకునే కుర్రవాళ్లను చూడండి. చేతిలో చెక్కల జత, కాళ్లకు గజ్జెలు. మధ్యలో గురువు పాట ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. వాళ్లలో ఎవరూ పాట కట్టరు. స్వరం మీద కూడా వాళ్లకు పెద్ద బాధ్యత లేదు. పాట ముందే ఉంది. అది వాళ్ల తాతలు పాడుకున్నదే కావచ్చు. వాళ్ల పనల్లా దాని నడకను చేతిలోకి, కాలిలోకి దించుకోవడం. నీకు తోచినట్టు వాయించుకో అంటే ఆ కుర్రవాళ్లు కూడా పావుగంటలో ఇంటికి పోతారు. మనిషికి కావలసింది తానెరిగిన పాటలో తనకొక చోటు.

రిగోపులోస్, ఎగోజీలకు ఈ సంగతి జపాన్ వైపు చూశాక తెలిసింది. అక్కడ కరవొకే గదుల్లో గుమాస్తాలు, దుకాణదారులు నిండిపోయి, తమకు ఇష్టమైన పాటలు పాడుకుంటున్నారు. 1996లో మసాయా మత్సురా చేసిన ‘పరాప్ప ద రాపర్’ అనే వీడియో గేము లయ తప్పకుండా బటన్లు నొక్కించింది. కొనామీ కంపెనీ 1997లో ‘బీట్‌మేనియా’, 1998లో కాళ్లతో ఆడే ‘డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్’, ఆ వెంటనే ‘గిటార్ ఫ్రీక్స్’ ఆటశాలల్లో పెట్టింది. ఈ చివరిదాంట్లో ప్లాస్టిక్ గిటారు మెడ మీద మూడు రంగుల బటన్లు, మీటడానికి ఒక మీట ఉంటాయి. అంటే తీగలు లేని గిటారు పుట్టింది జపాన్‌లో. అమెరికావాళ్లు దాన్ని తమ దేశపు ఇళ్ల హాళ్లలోకి తెచ్చారు. కీర్తి ఎక్కువగా వీళ్లకే దక్కడం పాత కథే.

అలా తెచ్చిన అన్నదమ్ములు కై హువాంగ్, చార్లెస్ హువాంగ్. 1999లో కాలిఫోర్నియాలో వీడియో గేములు అద్దెకిచ్చే వ్యాపారంతో మొదలుపెట్టారు. ఆ తరువాత రెడ్ఆక్టేన్ పేరుతో డ్యాన్స్ ఆటకు కావలసిన చాపలు తయారుచేసి అమ్మారు. చాపలు అమ్ముడుపోవాలంటే ఆట ఆడుతుండాలి, ఆట వేరేవాళ్లది. ఈ పరాధీనం వాళ్లకు నచ్చలేదు. సామాను మేము చేస్తాం, ఆట మీరు చేయండని హార్మోనిక్స్‌తో కలిశారు. 2005 నవంబరులో ప్లేస్టేషన్ 2 కోసం ‘గిటార్ హీరో’ వచ్చింది. గిబ్సన్ ఎస్‌జీ గిటారు రూపంలో, అసలుదానికంటే చిన్నగా ఒక బొమ్మ. మెడ మీద పచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ బటన్లు. ఆటలో 47 పాటలు.

ఈ గిటారుకు తనదైన శబ్దం లేదు. బటను నొక్కితే లోపల ఒక స్విచ్చి కలుస్తుంది, అంతే. పాటను ముందే విడివిడి ట్రాకులుగా పెట్టుకుంటారు: గిటారు ఒకచోట, తక్కినవి ఒకచోట. తెర మీద రంగు గుళ్లు మనవైపు దొర్లుకుంటూ వస్తాయి. గీత దగ్గరికి వచ్చిన క్షణంలో సరైన బటను పట్టి మీట కొడితే గిటారు ట్రాకు తెరిచి ఉంటుంది. తప్పితే ఒక మొద్దు చప్పుడు వచ్చి ఆ ట్రాకు మూగబోతుంది. మళ్లీ అందుకుంటే మళ్లీ వినబడుతుంది. ఉన్న సంగీతాన్ని ఆపడం, వదలడం మాత్రమే మన చేతిలో ఉంది. అయినా చెవి మోసపోతుంది: నేను కొట్టాను, అది మోగింది అనుకుంటుంది. ఈ మోసమే అసలు ఆవిష్కరణ. ప్లాస్టిక్ దానికి తొడుగు.

డబ్బు వెనకాలే వచ్చింది. 2006లో యాక్టివిజన్ సుమారు 10 కోట్ల డాలర్లకు రెడ్ఆక్టేన్‌ను కొన్నది. అదే ఏడు ఎంటీవీ 17.5 కోట్ల డాలర్లకు హార్మోనిక్స్‌ను కొన్నది. కలిసి చేసినవాళ్లు పోటీదారులయ్యారు. 2007లో వచ్చిన ‘గిటార్ హీరో 3’ అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి. అదే ఏడు నవంబరులో హార్మోనిక్స్ డ్రమ్ములు, మైకు కూడా కలిపి ‘రాక్ బ్యాండ్’ తెచ్చింది. 2009లో బీటిల్స్ పాటలతోనే ఒక ఆట వచ్చింది. ఏటేటా కొత్త ఆటలు, కొత్త పెట్టెలు. ఇళ్లలో ప్లాస్టిక్ గిటార్లు పేరుకుపోయాయి, జనం విసుగెత్తారు. 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ ఆ విభాగాన్నే మూసేసింది.

ఆ ఆటలు వెలుగుతున్న రోజుల్లోనే అసలు సంగీతం వాయించేవాళ్లు వెక్కిరించారు. ఇంత సేపు బొమ్మ మీద పెట్టే బదులు నిజం గిటారు నేర్చుకోవచ్చు కదా అన్నారు. సగం నిజం. ఎన్ని గంటలు ఆడినా వేళ్ల కొసలు కాయలు కాయవు, శ్రుతి చేయడం రాదు, ఒక్క స్వరగుచ్ఛం (కార్డు) పట్టడం రాదు. రెండో సగం డ్రమ్ముల దగ్గర తేలింది. రాక్ బ్యాండ్ డ్రమ్ము పలకల మీద కట్టెతో కొట్టే దెబ్బ, కాలితో తొక్కే పెడలు అసలు డ్రమ్ముల మీద చేసే పనికి చాలా దగ్గర. అక్కడ పట్టిన లయ కొంతవరకు నిజం డ్రమ్ముల మీద కూడా నిలుస్తుంది. స్వరం చేతితో పుట్టించాల్సిన చోట బొమ్మ చేతులెత్తేసింది; కాలం లెక్కే ప్రధానమైన చోట పాఠం చెప్పింది.

మనకు ఈ తగవు కొత్తదా? హార్మోనియం యూరప్ నుంచి వచ్చింది. స్వరాలు ముందే శ్రుతి చేసి పెట్టిన పెట్టె; మెట్టు నొక్కితే స్వరం దానంతటదే పలుకుతుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే గమకం మాత్రం పలకదు. అందుకే పండితులు చీదరించుకున్నారు. 1940లో ఆకాశవాణి దాన్ని గుమ్మం బయట పెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. మన కడప జిల్లాలో మాత్రం ఆ పెట్టె లేనిదే పద్యం లేచేది కాదు. 1885లో సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించాడు. ఆ ఊరి పేరుతో పుట్టిన నాటక సమాజాల్లో, పౌరాణిక నాటకాలాడే ప్రతి పందిట్లో, హార్మోనిస్టు లేకుండా తెర లేవదు. పండితులు చెప్పిన లోపం నిజమే, పెట్టె చేసిన మేలూ నిజమే. ఇప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో మోగే ప్యాడ్లను చూడండి. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్ సంతతి అది. రబ్బరు పలకలు, తోలు లేదు. శబ్దం ఎక్కడో రికార్డు చేసి పెట్టినదే. ఆటబొమ్మకూ దీనికీ తేడా ఒకటే: ఏ దెబ్బ ఎప్పుడు పడాలో ప్యాడు చెప్పదు, మనిషి చెబుతాడు.

అందుకే నాకు ఆ ఆటల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ప్లాస్టిక్ గురించి కాదు. యంత్రం ఆడేవాడి మాట వినదు. పాట మొదలయ్యాక రంగు గుళ్లు నిర్ణయించిన వేగంతోనే దొర్లుతాయి. నీకు అందినా, అందకపోయినా. సన్నటి కొత్త టీవీలు వచ్చాక తెర మీది దృశ్యం ఆలస్యంగా కనబడి లయ తప్పుతుంటే, ఆ ఆలస్యాన్ని కొలిచి సరిదిద్దే ఏర్పాటు ఆటలోనే పెట్టాల్సి వచ్చింది. యంత్రానికి టీవీ మీద ఉన్న ఆ పాటి శ్రద్ధ మనిషి మీద లేదు. చెక్కభజనలో గురువు చూపు కాళ్ల మీద ఉంటుంది. వెనక వరుసలో ఎవడి అడుగో తడబడితే పాట చరణాన్ని ఇంకోసారి తిప్పుతాడు. అందరూ కుదిరాక వేగం పెంచుతాడు. తప్పు చప్పుడు మూగబోదు, ఊరంతా వింటుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు జంకి పారిపోయినవాళ్లూ ఉన్నారు, నిజమే. బొమ్మ గిటారు ఆ సిగ్గును తీసేసింది; దానికి నేను మార్కులు వేస్తాను.

ఆట చేసినవాళ్లు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2010లో ‘రాక్ బ్యాండ్ 3’ కోసం 102 బటన్ల గిటారు, దాని వెంట నిజం తీగలున్న స్క్వయర్ గిటారు తెచ్చారు. 2011లో యూబీసాఫ్ట్ ‘రాక్‌స్మిత్’లో ఏ మామూలు ఎలక్ట్రిక్ గిటారునైనా కేబులుతో తగిలించుకోమంది. ఆ ఆట వాయించేవాడి తీరు చూసి స్వరాలను తగ్గిస్తుంది, పెంచుతుంది. గురువు చూపు కొంచెం యంత్రానికి అబ్బిందన్నమాట. హార్మోనిక్స్‌ను 2021లో ఎపిక్ గేమ్స్ కొన్నది. 2023 డిసెంబరులో ‘ఫోర్ట్‌నైట్’లో సంగీతపు ఆట తిరిగి వచ్చింది, బొమ్మ గిటారు లేకపోయినా మామూలు మీటలతో ఆడుకునేటట్టు.

ఫోనులో ఊపు కొలిచే సెన్సారు ఉంది, చప్పుడు వినే మైకు ఉంది. పాడేవాడి వేగాన్ని వెంబడించే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. చెక్కభజన అడుగులు నేర్పే ఆట చేయడం అసాధ్యమేమీ కాదు. కాకపోతే ది యాక్స్ చేసిన తప్పు చేయకూడదు: తోచినట్టు వాయించుకోమనకుండా, మనూళ్లో పాడే పాటతోనే మొదలుపెట్టాలి. ఊళ్లో గురువుకు దానివల్ల పోటీ వస్తుందని నేననుకోను. బెంగళూరు అద్దె గదుల్లో ఉంటూ, శ్రీరామనవమికి మాత్రమే చాపాడు వచ్చి వరుస చివర నిలబడే కుర్రవాళ్లకు అది ఎక్కువ పనికొస్తుంది.