ముందు ఎవరిని చూడాలి?

1792లో దొమినిక్ జాన్ లారే ఫ్రెంచి రైన్ సైన్యంలో సర్జన్‌గా చేరేనాటికి, యుద్ధంలో గాయపడ్డ సిపాయి దిక్కులేనివాడు. వైద్యుల బండ్లు పోరు జరిగే చోటికి నాలుగైదు కిలోమీటర్ల వెనకే ఆగిపోవాలని అప్పటి నియమం. ఫిరంగులు సద్దుమణిగాకే అవి కదలాలి. ఈలోగా ఒక పగలు, ఒక్కోసారి రాత్రి కూడా గడిచిపోయేది. నెత్తురు ఓడుతున్నవాళ్లు పడ్డచోటే ప్రాణాలు విడిచేవారు. అధికారుల సంగతి వేరు. వాళ్లకు గుర్రాలుండేవి, ఎత్తుకుపోయే మనుషులుండేవారు.

మన పందిళ్లలో అగ్రతాంబూలం ఎవరికన్నది హోదా తేల్చినట్టే, అక్కడ కట్టు ముందుగా ఎవరికి కట్టాలన్నదీ హోదాయే తేల్చేది. లారే తిరగబడింది ఈ వరసమీదే.

ముందు ఆయన దూరం సంగతి చూశాడు. గుర్రాలు లాగే తేలికపాటి ఫిరంగులు యుద్ధభూమిలో ఎంత చురుగ్గా చోటు మారుతున్నాయో గమనించి, అదే వేగంతో పరిగెత్తే బండ్లు తయారుచేయించాడు. వాటిని ‘ఎగిరే ఆంబులెన్సులు’ అన్నారు. చదును నేలకు రెండు చక్రాలవి, కొండదారులకు నాలుగు చక్రాలవి. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లినప్పుడు బండ్లు నడవని ఇసుకలో ఒంటెలకు రెండు వైపులా బుట్టలు కట్టించి, గాయపడ్డవాళ్లను వాటిలో పడుకోబెట్టి తరలించాడు.

బండ్లు వేగంగా వస్తే కొత్త చిక్కు వచ్చిపడుతుంది. ఒకేసారి వందలమంది సర్జన్ ముందుకు చేరతారు. ఉన్నవి రెండు చేతులు. అప్పుడు లారే పెట్టుకున్న నియమం 1812లో అచ్చయిన ఆయన జ్ఞాపకాల్లో కనిపిస్తుంది. ప్రాణాపాయంలో ఉన్నవాడిని ముందు చూడాలి, అతని హోదా ఏమిటో, పదవి ఏమిటో అడగకూడదు. చిన్న గాయాలవాళ్లు ఆగగలరు. వాళ్లు వెనకనున్న ఆసుపత్రికి తామే పోగలరు, ముఖ్యంగా అధికారులు, ఎందుకంటే వాళ్లకు వాహనాలుంటాయి. ఈ చివరిమాట దగ్గర కాస్త ఆగాలి. అంతకుముందు అధికారిని వరసలో ముందుంచిన గుర్రమే, ఇప్పుడు అతన్ని వెనక్కి జరపడానికి కారణమైంది. వైద్యచరిత్రలో ఇంత నిబ్బరంగా హోదాను పక్కకు నెట్టిన వాక్యాలు ఎక్కువ ఉండవు. శత్రుసైనికులకూ ఆయన ఇదే వరస పాటించాడు. నెపోలియన్ తన వీలునామాలో లారేకు లక్ష ఫ్రాంకులు రాసి, తానెరిగిన వాళ్లలో ఇంతటి ధర్మపరుడు లేడన్నాడు.

లారే నియమంలో ఒక చిక్కు మిగిలింది. ఎంత చేసినా బతకనివాడి సంగతేమిటి? 1846లో బ్రిటిష్ నౌకాదళ సర్జన్ జాన్ విల్సన్ దీనికి కఠినమైన జవాబిచ్చాడు. ఆపరేషన్ వల్ల నిజంగా బతికేవాళ్లకే ముందు కత్తి పట్టాలి, స్వల్ప గాయాలవాళ్లతోపాటు ఆశలేనివాళ్లనూ ఆపాలి. ఏడేళ్ల తర్వాత క్రిమియా యుద్ధం వచ్చింది. ముట్టడిలో ఉన్న సెవాస్తోపోల్‌లో రష్యన్ సర్జన్ నికొలాయ్ పిరొగోవ్ ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టాడు. ప్రభువంశీకుల సభాభవనం అక్కడ కట్లు కట్టే కేంద్రమైంది. వచ్చినవాళ్లను వచ్చినట్టే వేరుచేసేవారు. వెంటనే ఆపరేషన్ కావలసినవాళ్లు ఒకవైపు, మర్నాటిదాకా ఆగగలిగినవాళ్లు ఇంకోవైపు. తేలిక గాయాలవాళ్లకు కట్టు కట్టి పంపేసేవారు. ఇక బతకరని తేలినవాళ్లను సేవికలకూ పూజారులకూ అప్పగించేవారు. ఇలా వేరుచేయకపోతే డాక్టర్లు ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి పరుగులు తీసి అలిసిపోతారనీ, ఎవరికీ సాయం అందదనీ పిరొగోవ్ గట్టిగా నమ్మాడు.

ఈ పనికి స్థిరపడిన పేరు ట్రయాజ్. ఉన్నినీ కాఫీ గింజలనూ నాణ్యం చూసి వేరుచేయడానికి వాడుకలో ఉన్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిన పేరది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైనిక వైద్యకేంద్రాల నుంచి మిగతా సైన్యాలకు పాకింది. అక్కడే దాని అర్థంలోకి లెక్కలు చొరబడ్డాయి. యుద్ధగాయాల చికిత్స మీద అమెరికన్ సర్జన్ విలియం కీన్ 1917లో రాసిన పుస్తకంలో, ఒక్కడికే చాలాసేపు పట్టేట్టుంటే, ఎంత అత్యవసరమైనా అతను ఆగాల్సిరావచ్చన్నాడు. ఆ సమయంలో డజను మందిని చూడవచ్చునని ఆయన వాదన. లెక్క తప్పు కాదు. కానీ లారే వాక్యానికీ దీనికీ మధ్య దూరం చాలా ఉంది. లారే చూపు గాయం మీద నిలిచింది. కీన్ చూపు గడియారం మీదా, తలల లెక్క మీదా ఉంది. దీనికితోడు త్వరగా కోలుకుని మళ్లీ తుపాకి పట్టగలవాడెవడన్నది ఏ సైన్యానికైనా పట్టే విషయమే.

1960ల్లో ఈ పద్ధతి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లోకి వచ్చింది. యుద్ధం లేని చోట కూడా వరస పెట్టడం ఎంత దారి తప్పగలదో అదే దశాబ్దంలో సియాటిల్ నగరం చూపింది. అక్కడి డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960లో తయారుచేసిన గొట్టంతో, మూత్రపిండాలు పూర్తిగా చెడినవాళ్లకు మళ్లీ మళ్లీ డయాలిసిస్ చేయడం సాధ్యమైంది. అయితే యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. ఎంపిక చేయడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. అందులో ఒక మతగురువు, ఒక లాయరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక కార్మికనేత ఉన్నారు. సభ్యుల పేర్లు బయటపెట్టలేదు. వాళ్లు చూసింది రోగం ఒక్కటే కాదు. వయసు, పెళ్లి, పిల్లలు, ఆదాయం, ఆస్తి, చదువు, ఉద్యోగం, గతంలో ఏం చేశాడు, ముందు ఏం చేయగలడు, అన్నీ చూశారు. 1962 నవంబరులో విలేఖరి షానా అలెగ్జాండర్ ‘లైఫ్’ పత్రికలో ఈ సంగతి రాయగానే దేశం ఉలిక్కిపడింది. లారే బయటికి నెట్టిన హోదా కొత్త వేషంలో తిరిగొచ్చింది. కమిటీ సభ్యులు చెడ్డవాళ్లు కాదు, మోయలేని బరువు మోశారు. చివరికి చిక్కు తీర్చింది మరింత మంచి కొలమానం కాదు. 1972లో అమెరికా కాంగ్రెస్ డయాలిసిస్ ఖర్చును ప్రభుత్వ బీమా కిందికి తేవడంతో, ఆ ఎంపిక అవసరమే తగ్గిపోయింది.

ప్రమాదస్థలంలో మాత్రం ఎంపిక తప్పదు. 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ అగ్నిమాపక సిబ్బంది, హోగ్ ఆసుపత్రి కలిసి ‘స్టార్ట్’ అనే పద్ధతి రూపొందించారు. నడవగలిగినవాళ్లు పక్కకు రండని ముందు కేకేస్తారు. వచ్చినవాళ్లకు ఆకుపచ్చ చీటీ. మిగిలినవాళ్లలో ఊపిరి, నాడి, చెప్పిన మాట వింటున్నారా అన్నవి మాత్రమే చూస్తారు. నిమిషానికి ముప్పైకి మించి ఊపిరి తీస్తుంటే ఎర్ర చీటీ. ఆగగలిగినవాళ్లకు పసుపు, దారి తెరిచినా ఊపిరి రానివాళ్లకు నలుపు. ఒక్కొక్కరికి పట్టేది నిమిషంలోపే. గట్టిగా అరుస్తున్నవాడికి ఊపిరి ఆడుతున్నట్టే కాబట్టి, చప్పుడు లేకుండా పడున్నవాడి దగ్గరికి ముందు వెళ్లమని ప్రథమచికిత్స శిక్షణలో చెబుతారు. అయితే చీటీ కట్టాలన్నా ముందు బండి రావాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలయ్యాక తెలుగునాట ఆంబులెన్సు అనేది ఫోన్ చేస్తే వచ్చే బండి అయింది. అంతదాకా గ్రామాల్లో వరసను నిర్ణయించింది ఊళ్లో కారున్న మోతుబరితో పరిచయం.

2020 మార్చిలో, కోవిడ్ విజృంభించిన వేళ, ఇటలీ మత్తువైద్యుల సంఘం, ఐసీయూ పడకలు చాలకపోతే వయసుకు పరిమితి పెట్టాల్సి రావచ్చని రాసినప్పుడు, సియాటిల్ ప్రశ్న మళ్లీ లేచింది. ముసలివాళ్ల బతుకు విలువ తక్కువా అని ప్రపంచమంతా అడిగింది. అడగవలసిన ప్రశ్నే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చికిత్స ముందు ఎవరికన్నది రోజువారీ ప్రశ్న. కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల ఊళ్లలో మూత్రపిండాల జబ్బు ఇంటింటి మాట. దగ్గర్లో డయాలిసిస్ లేని రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు శ్రీకాకుళమో విశాఖపట్నమో పోవాలి. అక్కడ ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఏ డాక్టరూ తేల్చలేదు. బస్సు చార్జీ తేల్చింది, కూలి వదులుకుని తోడు వెళ్లగల మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నది తేల్చింది. తర్వాత సోంపేట, కవిటి, పలాస వంటి చోట్ల ప్రభుత్వ డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రంతో కూడిన 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. జబ్బుకు కారణమేమిటన్నది ఇంకా తేలలేదు. ఆ పరిశోధన కూడా అక్కడే జరగాలి.