బిగించిన పూస, బరువు మోసే పూస

మెడలో ఏడు పూసలు. తల పక్కలకు తిరగడంలో దాదాపు సగం పైనున్న మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. మిగతా సగాన్ని కింది కీళ్లు తలా కొంత పంచుకుంటాయి. ఆపరేషన్ తర్వాత ఎంత కదలిక మిగులుతుందన్నది ఏ కీలు మీద కత్తి పడిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

2016 అక్టోబరు 11న జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో మెడకు వచ్చే ముప్పు చేసే పనిలోనూ ఉంది. మొఘల్ పాలనపై తిరగబడిన సర్వాయి పాపన్న ఊరు ఖిలాషాపూర్ జనగామ జిల్లాలోనిదే. ఆయన కులవృత్తి కల్లుగీత నేటికీ అక్కడ బతుకుదెరువు. మోకు జారి తాటిచెట్టు మీంచి పడితే మెడపూస విరగొచ్చు. భూపాలపల్లి సింగరేణి గనుల్లో పైకప్పు కూలితే మీద పడేది బండ. విరిగిన పూస వెన్నుపామును నలిపితే కాళ్లూ చేతులూ పడిపోతాయి. గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు రావడానికి 2024 దాకా పట్టింది.

విరిగిన మెడను లోపలినుంచి బిగించే ప్రయత్నం పాతదే. 1891లో అమెరికాలోని గాల్వెస్టన్ వైద్యుడు హాడ్రా, పూసల వెనక కొమ్ములను తీగతో కట్టాడు. 1950లలో రాబిన్సన్, స్మిత్, క్లోవర్డ్ మెడ ముందువైపు నుంచి దారి తీశారు. చెడిన డిస్కును తీసేసి, తుంటి దగ్గరి ఎముక ముక్కను పెట్టి, రెండు పూసలను ఒకటిగా అతికించే పద్ధతి అది. నరం మీద ఒత్తిడి పోతుంది, ఆ కీలు కదలిక కూడా పోతుంది. అయినా తల మునుపటిలాగే వంగాలి కాబట్టి ఆ పని పై కీలు మీదా కింది కీలు మీదా పడుతుంది. దానం చేసిన శవాల మెడలను వంచి కొలిచినప్పుడు పక్క డిస్కుల్లో ఒత్తిడి పెరగడం కనిపించింది. 1999లో హిలిబ్రాండ్ బృందం 374 మంది రోగుల వివరాలు ప్రచురించింది. పక్క కీలు జబ్బు లక్షణాలు ఏటా సుమారు 2.9 శాతం మందిలో కొత్తగా బయటపడ్డాయి. పదేళ్లలో నూటికి పాతిక మందికి అవి రావచ్చని లెక్క తేలింది. అయితే ఎక్కువ పూసలు అతికించినవారిలో ఈ జబ్బు తక్కువగా ఉందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే తప్పంతా అతుకుదే కాదు, వయసుతో వచ్చే అరుగుదలకూ అందులో వాటా ఉంది. ఆపరేషన్‌ను తిట్టిపోసేవారు ఈ రెండో సగాన్ని చెప్పరు.

వెనకనుంచి చేసే ఆపరేషన్‌ది మరో చిక్కు. వెన్నుపాముకు చోటివ్వడానికి పూసల వెనక కప్పును తీసేస్తే, తలను వెనక్కి లాగిపట్టే కండరాలకూ బంధనాలకూ ఆధారం సడలుతుంది. ఏళ్ల తరబడి తల బరువుకు మెడ ముందుకు వంకర తిరగొచ్చు. పిల్లల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే 1970లలో జపాన్ వైద్యులు కప్పును తీసేయకుండా తలుపులా ఒకవైపు తెరిచి నిలిపే పద్ధతి తెచ్చారు.

మెడను బిగించేది ఆపరేషన్ ఒక్కటే కాదు, తాగే నీళ్లు కూడా. జనగామ తాలూకా 1953 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆ నల్లగొండలోని ఫ్లోరోసిస్ గురించి 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి బంధనాలు ఎముకగా మారి, మెడ కత్తి పడకముందే బిగుసుకుపోతుంది. వెన్నుపాము నలిగే ఇలాంటి కేసులపై హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి విస్తారంగా రాశారు. ఇలాంటి మెడకు వెనక కప్పు తీసినా వంకర తిరిగే భయం తక్కువ, కదలిక ఎలాగూ ముందే పోయింది. కష్టమంతా గట్టిపడిన ఎముకను తొలవడంలోనూ, ఇరుకు సందులో వెన్నుపాముకు దెబ్బ తగలకుండా చూడటంలోనూ ఉంది.

కదలికను నిలిపే కృత్రిమ డిస్కుకు అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. పూసలు విరిగి పట్టు తప్పిన మెడకు అది పనికిరాదు, అక్కడ బిగింపే దారి. అయిదు, ఆరు పూసల మధ్య ఒక్క కీలు అతికితే గీత కార్మికుడికి తల ఎత్తి గెలలు చూడటంలో పెద్ద తేడా తెలియకపోవచ్చు. మొదటి రెండు పూసలు అతికితే మాత్రం పక్కకు చూడాలన్నా భుజాలతో సహా తిరగాల్సి వస్తుంది.