కరెంటు పెట్టడం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లలో చాలామందికి రేడియేషన్ అంటే 'కరెంటు పెట్టడం'. పరుగెత్తడమనే అర్థమున్న లాటిన్ ధాతువు ఇంగ్లిష్ మీదుగా మన నోట కరెంటైంది. జూరాల ప్రాజెక్టులో నీళ్లతో పుట్టేదీ అదే. అందుకే షాక్ కొడుతుందేమోనని పెద్దవాళ్లు జడుస్తారు. కొట్టదు. కరెంటు యంత్రానికే, ఒంటికి తగిలేది ఎక్స్‌రే కిరణాలు. ఈ ముక్క మొదటిరోజే చెప్పాలి, మాటను మాత్రం మార్చనక్కర్లేదు.

ఈ కిరణాలు క్యాన్సర్ కణంలో డీఎన్‌ఏను తెంచుతాయి. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ మహా మొండిది: డీఎన్‌ఏకు ముడిసరుకైన ప్యూరిన్లు తయారుచేసుకుని తెగినదాన్ని అతికించుకుంటుంది. కిడ్నీ మార్పిడి రోగులకిచ్చే మైకోఫినోలేట్‌తో ఆ తయారీని అడ్డుకుంటే కిరణాలు మరింత బాగా పనిచేశాయని 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం ఎలుకల్లో చూపింది. తర్వాత మనుషుల్లోనూ పరీక్షలు మొదలయ్యాయి.