నిజాం స్టాంపులు ఆన్‌లైన్ వేలంలో వెతకాలంటే ఏ భాషలో ఏ మాట కొట్టాలి?

చిలమకూరు, జమ్మలమడుగు వైపు దాదీ, నానీల ట్రంకు పెట్టెల్లో పాత ఉర్దూ ఉత్తరాలుంటే, వాటి మీద నిజాం స్టాంపు ఉంటుందని ఆశ పడొద్దు. మన కడప 1800లోనే నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయింది. హైదరాబాద్ సంస్థానం మొదటి స్టాంపు వచ్చింది 1869లో. పైగా ఆ స్టాంపులు సంస్థానం లోపలే చెల్లేవి. అక్కడి నుంచి మన ఊరికి ఉత్తరం రావాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపే అంటించాలి. అందుకే నిజాం స్టాంపులు సేకరించాలనుకునే మన పిల్లలు ఎక్కువగా ఈబే, డెల్‌కాంప్ లాంటి వేలం సైట్ల మీదే ఆధారపడతారు.

అక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 'హైదరాబాద్ స్టాంప్' అని ఇంగ్లీషులో కొట్టి, వచ్చిందే చూసి ఊరుకుంటారు. పాత స్టాంపుల్లో చాలావాటి మీద ఆ ఊరి పేరే ఉండదు, 'సర్కారె ఆసఫియా' అని ఉర్దూ అక్షరాల్లో ఉంటుంది. ఆ లిపి చదవలేని విదేశీ అమ్మకందారుకు అది టర్కీదో, పర్షియాదో, అఫ్ఘనిస్తాన్‌దో అర్థం కాదు. 'అరబిక్ స్టాంపు, ఏ దేశమో తెలియదు' అని పెట్టేస్తాడు. అలాంటి చోట తక్కువ ధరకు మంచి సరుకు దొరికే వీలుంటుంది. 1871 నుంచి వచ్చిన వాటిలో విలువ ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీల్లో కనిపిస్తుంది. ఫొటో పెద్దది చేసి చూడండి, తెలుగక్షరం కనబడితే అది టర్కీది కాదు కదా! ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన ఇళ్ళ వాళ్ళకు ఇది పుట్టుకతో వచ్చిన లాభం.

ఇంకో సంగతి, స్టాంపును జర్మన్‌లో బ్రీఫ్‌మార్కెన్, ఫ్రెంచిలో టాంబ్ర్, ఇటాలియన్‌లో ఫ్రాంకోబొల్లి, డచ్చిలో పోస్ట్‌జేగల్స్ అంటారు. సరైన స్పెల్లింగు ఫోన్‌లోని అనువాద యాప్‌లో తీసుకోండి. పాత జర్మన్ పుస్తకాల్లో హైదరాబాద్‌ను 'వై' లేకుండా 'ఏ, ఐ' అక్షరాలతో రాసేవాళ్ళు, అట్లా కూడా వెతకండి. 'నిజాం', 'డెక్కన్', 'ఫ్యూడేటరీ స్టేట్స్' అనే మాటలూ పనికొస్తాయి. పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్ సరుకు అడ్డమొస్తే, ఈబేలో సింధ్ అనే మాటకు ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెడితే అవి పక్కకు పోతాయి.

ధర విషయంలో జాగ్రత్త. అమ్మేవాడు అడిగే ధర చూసి బెదిరిపోవద్దు, మురిసిపోవద్దు. ఈబేలో 'అమ్ముడైనవి' మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. నిజంగా ఎంతకు పోయిందో అందులో తెలుస్తుంది. 1931లో వచ్చిన ఒక అణా చార్మినార్ బొమ్మ చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, వాడేసినది సాధారణంగా చవకే. 'సర్కారీ' అని ఉర్దూలో ముద్ర గుద్దిన ఆఫీసు స్టాంపులకు ఎక్కువ అడుగుతారు. కానీ మామూలు స్టాంపు మీద నకిలీ ముద్ర గుద్దడం సులువు, వెనక వైపు ఫొటో కూడా అడగండి. వేలం పాడే ముందు పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకోండి. రెండొందల స్టాంపుకు వెయ్యి రూపాయల పోస్టేజీ పడిన సందర్భాలున్నాయి.

ఇక మీ చేతికే పాత కవరు దొరికితే నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీయకండి. పోస్టాఫీసు ముద్ర, చిరునామాతో కలిసి ఉన్న కవరుకే తరచూ ఎక్కువ విలువ.