ధాత కరువు: ధాన్యము నడచిన దారి

వాన కురియనిచో పంట పోవును. పంట పోయినంత మాత్రమున మనుషులు ఆకలితో మరణింపవలసినదేనా? మరొక చోట పండిన ధాన్యము సకాలములో వచ్చి చేరినచో ప్రాణములు నిలుచును గదా! ధాన్యము ఉండుట వేరు, అది ఆకలిగొన్నవాని చేతికి అందుట వేరు. ఈ రెండింటికి నడుమ ఉన్న దూరమును కర్నూలు, కడప జిల్లాలు 1876–78 సంవత్సరములలో మిక్కిలి కఠినముగా తెలిసికొన్నవి.

ఒక వస్తువు పుట్టిన చోటినుండి వాడుకొను మనిషిని చేరువరకు జరుగు పనులన్నింటిని కలిపి నేడు ‘సరఫరా గొలుసు’ అనుచున్నారు. 1982లో కీత్ ఆలివర్ అను వ్యాపార సలహాదారుడు ‘సప్లై చైన్ మేనేజ్‌మెంట్’ అను మాటను వాడిన పిమ్మట ఆ పేరు ప్రచారములోనికి వచ్చినది. పేరు క్రొత్తదేగాని పని పాతది. సరకు సేకరించుట, నిలువ చేయుట, తరలించుట, ఎక్కడ ఎంత కావలెనో వార్త తెలియుట, వచ్చిన సరకును కొనగల శక్తి జనమునకు ఉండుట – ఈ ఐదును ఆ గొలుసులోని ముఖ్యమైన లంకెలు.

పాతర, పెరిక

రైలు రాకమునుపు కూడ సీమలో ఇట్టి గొలుసు ఒకటి ఉండెడిది. నల్లరేగడి గ్రామములలో జొన్నలను భూమిలో త్రవ్విన పాతరలలో పోసి, గడ్డి పరచి, మట్టితో మూసి ఉంచెడివారు. మూసిన పాతరలో గింజలు శ్వాసించుటచే ఆమ్లజని తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగును. అందుచే పురుగు సులభముగా బ్రతుకజాలదు. మంచి ఏటి మిగులు చెడ్డ ఏటికి అక్కరకు వచ్చెడిది. పాతర సరకును ఒక ఊరినుండి మరొక ఊరికి కాక, ఒక ఏటినుండి మరొక ఏటికి తరలించు సాధనము.

ఊరినుండి ఊరికి తరలించువారు లంబాడీలు. వేలాది ఎద్దులపై పెరికలు వేసి, కోస్తానుండి ఉప్పును, లోపలి ప్రాంతములనుండి ధాన్యమును మోసెడివారు. 1791లో టిప్పు సుల్తానుపై దండెత్తిన కార్న్‌వాలిస్ సైన్యమునకు ధాన్యము తెచ్చినవారిలో వీరున్నారు. వీరి ఎద్దులు దారిలోని పచ్చికను మేయుచు నడచును. కావున రవాణాకు మేత ఖర్చు దాదాపు లేదు. అయితే పచ్చిక లేని ఏట ఆ దారి మూసికొనిపోవును.

1860వ దశాబ్దములో ఈ ఏర్పాటు మారసాగినది. అమెరికా అంతర్యుద్ధ కాలములో, అనగా 1861–65 నడుమ, ప్రత్తి ధర పెరిగి రేగడి నేలలలో ప్రత్తి సాగు హెచ్చినది. మద్రాసు రైల్వే వాయవ్య మార్గము కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోనిల మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. మిగులు ధాన్యము ఊరి పాతరకు బదులు దూరపు సంతకు పోవుటకు వీలు కలిగినది.

స్టేషను దాటిన పిమ్మట

1876లో నైరుతి ఋతుపవనములు చాలినంత వానను ఈయలేదు. ఈశాన్య ఋతుపవనములు కూడ విఫలమైనవి. 1877లో సైతము వానలు మిక్కిలి ఆలస్యమైనవి. పసిఫిక్ మహాసముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కు ‘ఎల్ నినో’ ఆ కాలమున చాల బలముగా ఉండెనని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ధాత నామ సంవత్సరములో మొదలైనందున దీనికి ధాత కరువు అని పేరు వచ్చినది.

ధాన్యము లేకపోలేదు. బర్మానుండి, వంగదేశమునుండి ఓడలలో వచ్చిన బియ్యము మద్రాసు రేవులో దిగినది. అక్కడినుండి రైలు దానిని కడపకు, గుత్తికి, ఆదోనికి తెచ్చినది. కాని నాటి కర్నూలు జిల్లాకు రైలు లేదు. గుత్తి, ఆదోని రెండును అప్పుడు బళ్లారి జిల్లాలోనివి. అక్కడినుండి కర్నూలు పట్టణము సుమారు 100 కిలోమీటర్లు. ఆ దూరమును ఎద్దుల బండి దాటవలెను. ఎద్దులకు మేత లేదు, దారిలో నీరు లేదు.

ఈ చిక్కును ఒక లెక్కతో గ్రహింపవచ్చును. ఇందలి అంకెలు ఉదాహరణకు తీసికొన్నవి. ఒక లక్ష మందికి తలకు రోజుకు అరకిలో చొప్పున 50 టన్నుల ధాన్యము కావలెననుకొందము. బండి మోయగలది 500 కిలోలు. మంచి ఏట అది రోజుకు 20 కిలోమీటర్లు నడచును. 100 కిలోమీటర్లు పోయి వచ్చుటకు 10 రోజులు పట్టును. ఎద్దులు దారిలో మేయును కాబట్టి 500 కిలోలును ధాన్యమే. దినమునకు 100 బండ్లు చేరవలెను. ఒక్కొక్క బండి 10 రోజులకు ఒకసారి వచ్చును. కాబట్టి మొత్తము 1,000 బండ్లు చాలును.

కరువు ఏట బలహీనపడిన ఎద్దులు రోజుకు 10 కిలోమీటర్లే నడచును. రాకపోకలకు 20 రోజులు. జతకు రోజుకు 12 కిలోల మేత చొప్పున 240 కిలోల మేతను బండిలోనే వేసికొనవలెను. ధాన్యమునకు మిగులునది 260 కిలోలు. ఇప్పుడు 50 టన్నులు చేరుటకు దినమునకు సుమారు 192 బండ్లు రావలెను. మొత్తము దాదాపు 3,850 బండ్లు కావలెను. అవసరము నాలుగు రెట్లయినది. అదే సమయములో పశువులు చనిపోవుచుండుటచే బండ్లు తగ్గిపోవుచున్నవి.

ఇక్కడ గమనింపవలసిన సూత్రము ఒకటున్నది. పంటను చంపిన అనావృష్టియే ఎద్దును కూడ చంపినది. రెండు లంకెలు ఒకే కారణముపై ఆధారపడినప్పుడు రెండును ఒకేసారి తెగును. రైలింజను బొగ్గుతో నడచును గాని గడ్డితో కాదు. అందుచేతనే అది స్టేషనువరకు రాగలిగినది. ఆగినది స్టేషను దాటిన పిమ్మటనే.

అప్పటికి కర్నూలు–కడప కాలువ ఉన్నది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీనిని తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టనుండి కడపవరకు, సుమారు 306 కిలోమీటర్లు, 1871 నాటికి త్రవ్వినది. సాగుకును పడవలకును ఉపయోగపడునట్లు దీనిని తలపెట్టినారు. నీటిపై ఘర్షణ తక్కువ. కావున బండిలో కంటె పడవలో అనేక రెట్లు బరువును అంతే బలముతో లాగవచ్చును. కాని పడవ నడచుటకు తుంగభద్రలో నీరుండవలెను. ఈ లంకె కూడ ఆ వానకే ముడిపడి ఉన్నది.

వార్త, కూలి, కొనుగోలు శక్తి

తంతి తపాలా ధరల వార్తను గంటలలో మోసినది. అయితే ధర హెచ్చుట చూచి ధాన్యము కొనగలవాడు ఉన్న చోటికే పోవును, ఆకలి ఉన్న చోటికి కాదు. పొలములో పని లేని కూలివానికి, గిరాకీ లేని నేతగానికి చేతిలో డబ్బు లేదు. 1981లో అమర్త్యసేన్ తన గ్రంథములో నిరూపించినది ఈ విషయమునే: ఆహారము ఉన్నను, దానిని పొందు హక్కుగాని శక్తిగాని లేనివాడు కరువుకు బలియగును.

1876 చివర మద్రాసు ప్రభుత్వము 30,000 టన్నుల ధాన్యమును రహస్యముగా కొనగా, ప్రయివేటు వర్తకులు వెనుకకు తగ్గుదురని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము అభ్యంతరము చెప్పినది. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, సహాయపు పనులలో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, కొద్దిపాటి చిల్లర అను స్థాయికి తగ్గించినాడు. రాళ్ళు కొట్టు మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించినాడు. పిమ్మట ఆ కూలిని సవరింపవలసి వచ్చినది. ఈ కాలములో దేశమునుండి ధాన్యపు ఎగుమతులు మాత్రము ఆగలేదు.

ఫలితమును జనాభా లెక్కలు చెప్పుచున్నవి. 1871కి, 1881కి నడుమ కర్నూలు జిల్లా జనాభా సుమారు నాల్గవ వంతు తగ్గినది. రైలున్న కడప జిల్లాలో తగ్గుదల దాదాపు ఆరవ వంతు. ఈ భేదమునకు రైలు ఒక్కటే కారణమనుట తొందరపాటగును; రోగములు, వలసలు, నేలల తేడాలు కూడ లెక్కలోనివే. రైలున్న చోట కూడ ఇంత నష్టము జరుగుట మరియొక సంగతిని తెలుపుచున్నది: రవాణా ఒక్కటి చాలదు.

నేర్చిన పాఠములు

కరువు కమిషను 1880లో నివేదిక ఇచ్చినది. 1883లో కరువు నియమావళి రూపొందినది. గుంతకల్లునుండి డోన్, నంద్యాలల మీదుగా బెజవాడకు కరువు రక్షణ మార్గముగా రైలు వేసినారు. కృష్ణా డెల్టా వరికి సీమతో సూటి సంబంధము ఏర్పడినది. కాని ఈ మార్గము మీటరు గేజి. మద్రాసు మార్గము 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి. గుంతకల్లులో ప్రతి బస్తాను ఒక బండినుండి దించి మరొక బండికి ఎక్కింపవలసి వచ్చెడిది. లంకెలు రెండును గట్టివైనను అవి కలియుచోట ఆలస్యము పుట్టును. ఈ మార్గము బ్రాడ్ గేజిగా మారినది 1990వ దశాబ్దములో.

1896–97లో కరువు మరల వచ్చినది. అయినను 1891, 1901 లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనాభా తగ్గలేదు. రైలు, కాలువ, నియమావళి కలిసి పనిచేసినప్పుడు గొలుసు నిలిచినదనవచ్చును.

స్వాతంత్ర్యానంతరము మిగిలిన లంకెలు చేరినవి. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ సేకరణను, నిలువను చేపట్టినది; దాని గోదాము పాతరకు పెద్ద రూపమే. చౌకధరల దుకాణము చివరి అడుగును నడచినది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యము కొనుగోలు శక్తి అను లంకెను పట్టుకొన్నది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టము దానిని హక్కుగా మార్చినది.

గొలుసు ఒక వైపే నడవదు. పత్తికొండ టమాట, కర్నూలు ఉల్లి ధర పడిపోయిన రోజున రైతు పంటను పారబోయుట నేటికిని కనబడుచున్నది. సరకు ఉన్నది, తినువారు ఉన్నారు. నడుమ నిలువగాని, సకాలపు వార్తగాని, బండిగాని లోపించినది. జొన్న ఏండ్ల తరబడి పాతరలో ఆగగలదు, టమాట ఆగదు. కాబట్టి పాడగు సరకునకు వేగము, పాడుగాని సరకునకు నిలువ ప్రధానమని గుర్తింపవలెను.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న పని చేయింపవచ్చును. తమ ఊరి దుకాణములోని బియ్యపు బస్తా ఎక్కడ పుట్టినది, ఎన్ని చేతులు మారినది, ఎన్ని రోజులు దారిలో ఉన్నది అని విచారించి పటము గీయవలెను. పిదప ప్రతి లంకె ప్రక్కన ఒక ప్రశ్న వ్రాయవలెను: వానలు రెండేండ్లు రాకపోతే ఇది నిలుచునా? ఒకే కారణముచే తెగు లంకెలు ఎన్ని ఉన్నవో అప్పుడు తెలియును. 1877లో ఆ ప్రశ్నను ముందుగా వేసికొనలేదు. దాని మూల్యమును రైలు స్టేషనుకు నూరు కిలోమీటర్ల దూరముననున్న పల్లెలు చెల్లించినవి.