శిక్ష - శిక్షణ



పండిత శిక్షణ పొందే రోజులలో మేము షడంగాలను వరుసగా అప్పగించేవాళ్ళం. అందులో శిక్ష ఒకటి. వర్ణాలను ఎలా ఉచ్చరించాలో నేర్పే శాస్త్రమది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్వడం, నేర్పడం. హిందీవారు నేటికీ చదువును శిక్షా అనే అంటారు. తెలుగులో మాత్రం ఆ మాటకు దండన అనే అర్థమే స్థిరపడింది. నేర్పడానికి 'శిక్షణ'ను వేరుగా ఉంచుకొన్నాము.

ఈ మాట మీదికి నా మనసు మళ్ళడానికి కారణం నా పూర్వ విద్యార్థి ఒకడు. జైలులో వార్డరుగా పనిచేస్తున్నాడు. సంక్రాంతికి ఊరు వచ్చి, నన్ను చూడవచ్చాడు. మాటల మధ్య, "మాస్టారూ, కవాతు, లాఠీ, తుపాకీ అన్నీ నేర్పారండి. రాత్రిపూట ఒకడు గోడకేసి తల బాదుకొంటుంటే ఏం మాట్లాడాలో మాత్రం తోచలేదండి" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. కాపలావారికి చదువు చెప్పాలన్న ఆలోచన మనదేశంలో ఎప్పుడు పుట్టిందో వెదకి చదివాను.

కౌటిల్యుడు బంధనాగారం సంగతి చెబుతూ, బందీల నిద్రకు, తిండికి అడ్డుపడే అధికారికి జరిమానాలు విధించాడు. కాపలావానికీ ఒక ధర్మముందన్న ఎరుక అంత పాతది. అయితే తప్పు చేశాక జరిమానా వేయడం వేరు, చేయకుండా ముందే నేర్పడం వేరు.

ఆంగ్లేయుల కాలంలో మెకాలే చొరవతో ఏర్పడిన సంఘం 1838లో నివేదిక ఇచ్చింది. ఖైదీలకు చదువు, నీతిబోధ, సత్ప్రవర్తనకు బహుమానం, వీటన్నిటినీ ఆ సంఘం కావాలనే త్రోసిపుచ్చింది. తరువాత వచ్చిన 1894 జైళ్ళ చట్టం, ఖైదీలనే జైలు ఉద్యోగులుగా నియమించే పద్ధతికి చోటిచ్చింది. శిక్ష అనుభవిస్తున్నవాడే తోటివారికి కాపలాదారు! అతనికి ఏమి నేర్పాలన్న ప్రశ్నే అప్పటికి లేదు.

గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జైలుకు వెళ్ళింది ఆ కాలంలోనే. 1907లో వందేమాతర ఉద్యమం కారణంగా రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ నుంచి బహిష్కృతులయ్యారు. 1908లో రాజద్రోహ నేరం మీద శిక్ష పడి, వేలూరు జైలులో బందిపోట్ల నడుమ గడిపారు. శిక్షణ నుంచి గెంటివేయబడి శిక్షలోకి వెళ్ళిన ఆ మహనీయుడే తరువాత గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ జీవితాన్ని ధారపోశారు.

సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన 1919-20లో పనిచేసిన జైళ్ళ సంఘం ఇంగ్లండు, అమెరికా, జపాను వంటి దేశాల కారాగారాలను చూసివచ్చింది. ఖైదీని సంస్కరించి సమాజానికి తిరిగి అప్పగించడం కారాగారం పని అనీ, ఆ పనిని తగిన శిక్షణ పొందినవారికే అప్పగించాలనీ స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఆచరణలోకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1940లో లక్నోలో జైలు శిక్షణ పాఠశాల వెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1951-52లో ఐక్యరాజ్యసమితి తరఫున అమెరికా నేరశాస్త్రవేత్త వాల్టర్ రెక్లెస్ వచ్చి, మన జైళ్ళను పరిశీలించి, అధికారులకు శిక్షణ తరగతులు నడిపారు. నేరస్థుని మనసును అర్థం చేసికోవడం కూడా ఒక విద్య అని అప్పుడు గుర్తించారు.

1979లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రాలు కలిసి దక్షిణాది జైలు అధికారుల కోసం ఒక శిక్షణ సంస్థను నెలకొల్పాయి. ఎక్కడనుకొన్నారు? గాడిచర్లవారు శిక్ష అనుభవించిన వేలూరులోనే! నేరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, చట్టం అక్కడ పాఠ్యాంశాలు. హైదరాబాదు చంచల్‌గూడలోనూ ఇటువంటి సంస్థ ఉన్నది.

1980లో నియమింపబడి 1983లో నివేదిక ఇచ్చిన జైళ్ళ సంస్కరణ సంఘానికి అధ్యక్షులు జస్టిస్ ఆనంద్ నారాయణ్ ముల్లా. ఆయన 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఉర్దూ కవి కూడా. కారాగారాలకు అఖిల భారత సర్వీసు ఉండాలని ఆ సంఘం కోరింది. అది నేటికీ ఏర్పడలేదు. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం పేరులో 'దిద్దుబాటు సేవలు' అన్న మాట చేరింది. పేరు మారింది, సంతోషమే. అయితే దిద్దవలసిన చేతికి ముందుగా దిద్దడం నేర్పాలి గదా!

ఇంతా వ్రాసి ఒక సంగతి దాచలేను. నేనూ బెత్తం పట్టిన పంతులునే. నాకు ఛందస్సు నేర్పారు, అలంకారాలు నేర్పారు. ఏడ్చే పిల్లవానితో ఎలా మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. నేనూ అడగలేదు. పద్యం అప్పగించలేకపోయినందుకు నా చేతి దెబ్బలు తిన్నవాడే ఈ వార్డరు. అందుకే అతని ప్రశ్నకు ఆనాడు నావద్ద జవాబు లేకపోయింది.

వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ తల బాదుకొన్నవాణ్ణి పేరు పెట్టి పిలిచావా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "లేదండి. నంబరుతోనే పిలుస్తామండి" అన్నాడు.