ఖహ్వా వడపోత: పాత్ర మారితే పానీయం మారునా?

చాయ్‌కి అలవాటుపడిన మన మోతె, కోదాడ ప్రాంతాలలో కాఫీ వడపోతపై చరిత్ర వ్యాసమేమిటని పాఠక మహాశయులు ఆశ్చర్యపోవచ్చు. కాని రెండంతస్తుల ఇత్తడి ఫిల్టరును ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. ఆ చిల్లుల పళ్లెం వెనుక అయిదు శతాబ్దాల కథ ఉన్నది. వడపోత యూరపువారు కనిపెట్టిన విద్య అని మనలో చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు గనుక ఆ కథను మొదటినుండి చెప్పుకోవలసి ఉన్నది.

15వ శతాబ్దంలో యమన్ సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో నిద్ర రాకుండేందుకు ఖహ్వా సేవించేవారు. అదన్ విద్వాంసుడు జమాలుద్దీన్ అజ్జబ్హానీ (మరణం హి. 875) దీనికి ప్రాచుర్యం కల్పించాడని పాత గ్రంథాలు చెబుతాయి. కైరోలో అల్‌అజ్‌హర్ పరిసరాలలోని యమనీయులు సోమ, శుక్రవారపు రాత్రులలో ఎర్రమట్టి కుండలో ఖహ్వాను ఉంచుకొనేవారు. పెద్దాయన చిన్న పాత్రతో ముంచి, కుడివైపునుండి వరుసగా అందరికీ అందించేవాడు. అప్పటి ఖహ్వా మరిగించినదే. పొడి అడుగున పేరుకునేది.

హి. 917లో (క్రీ.శ. 1511) మక్కాలో ముహ్తసిబ్ ఖైర్‌బేగ్ దీనిని నిషేధించాడు. రాత్రివేళ హరమ్ సమీపంలో దీపాల వెలుగులో, మద్యపానం చేసేవారివలె పాత్రను చేతులు మార్చుకొంటూ తాగడం ఆయనకు కనబడింది. వైద్యులను పిలిపించి సాక్ష్యం తీసుకున్నాడు. ఖహ్వా మేలుచేయదని వారన్నారు. అయితే కైరోనుండి వచ్చిన సుల్తాన్ ఫర్మానా ఆ గుమికూడడాన్ని తప్పుపట్టిందే గాని, ఖహ్వానే హరామ్ అనలేదు. పానీయం వేరు, దానిని సేవించే తీరు వేరు. ఆ భేదాన్ని గుర్తించినందువల్లనే ఖహ్వా నిలిచింది. నా దృష్టిలో ఈ వివాదంలో వైద్యుల సాక్ష్యంకన్నా ఈ భేదమే ముఖ్యం.

ఇక వడపోత. అరబ్బులు దల్లా అనే పాత్ర ముక్కులో ఖర్జూరపు నారను దోపి, ఖహ్వాను పోసేవారు. పొడి నారలో చిక్కుకునేది. ఇది నిస్సందేహంగా వడపోతే. ఫ్రాన్సులో 1800 ప్రాంతంలో డ్రిప్ పాత్రలు ప్రాచుర్యంలోకి వచ్చాయి. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి ఇత్తడి పాత్రకు మేకుతో చిల్లులు పొడిచి, అద్దుడు కాగితం పరిచి, నూతన విధానాన్ని నమోదు చేయించుకున్నది. యూరపువారి ఘనత కాగితాన్ని వాడడంలో ఉన్నది.

కాగితం వచ్చాక పాత్ర ఆకారం ముఖ్యమైంది. వేడినీరు పొడిలో ఎంతసేపు నిలుస్తుందో దానిని బట్టి రుచి మారుతుంది. త్వరగా జారితే పుల్లగా, పలచగా వస్తుంది. మరీ ఆలస్యమైతే చేదెక్కుతుంది. జపాన్‌కు చెందిన హరియో సంస్థవారి వి-60 అనే శంకువు అరవై డిగ్రీల కోణంలో, అడుగున ఒకే పెద్ద రంధ్రంతో ఉంటుంది. లోపలి మెలికల గీతలు కాగితాన్ని గోడకు అంటుకోనీయక గాలికి దారినిస్తాయి. కనుక నీటి వేగం పోసేవాని చేతిలో ఉన్నది. చెయ్యి వణికితే రుచీ వణుకుతుంది! కలితా వేవ్ సమతలపు అడుగుతో, మూడు చిన్న రంధ్రాలతో ఉన్నందువల్ల కొత్తవారి పొరపాట్లను కొంత క్షమిస్తుంది. 1941నాటి కెమెక్స్ గాజు పాత్రలో దళసరి కాగితం నూనెలను ఆపివేస్తుంది. కాగితం ఆపే నూనెలోని పదార్థాలు రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచుతాయని తేలినందున, వడకట్టని కాఫీని ఎక్కువగా తాగేవారు ఇది గమనించాలి.

మన దేశానికి కాఫీ గింజలను బాబా బుడన్ యమన్‌నుండి 17వ శతాబ్దంలో తెచ్చి, చిక్కమగళూరు కొండలలో నాటించాడని జనశ్రుతి. ఏడు గింజలనే సంఖ్యను చరిత్రగా కాక కథగానే స్వీకరించడం మంచిది. ఆంధ్రదేశపు అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మన ఇత్తడి ఫిల్టరులో కాగితం లేదు. పై గిన్నె అడుగున సన్నని చిల్లులు, పొడిపై నొక్కే గొడుగు బిళ్ల, కింద డికాక్షన్ చేరే గిన్నె. అంతే. బిళ్లను గట్టిగా అదిమితే నీరు దిగదు, వదులుగా వదిలితే డికాక్షన్ పలచనవుతుంది. నూనెలు ఆగవు గనుక దళసరిగా వస్తుంది, పాలను తట్టుకొంటుంది. చికోరీ కలిపిన పొడి నీటిని మరింత నెమ్మదిగా వదులుతుంది. ఇంట్లో ఫిల్టరు దిగడం లేదని విసుగుపడేవారు పొడిని కొంచెం ముతకగా విసిరించి, చిల్లులను సన్నని సూదితో శుభ్రపరచి చూడవచ్చు.